పసుపు గోదాము, చెరకు మిల్లు: స్థూల ఆర్థిక నమూనాల గణన పద్ధతులకు తెలుగులో ఒక ప్రవేశిక

వ్యాససంగ్రహం

స్థూల ఆర్థిక నమూనాలను కంప్యూటర్ సాయంతో సాధించే పద్ధతులు తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పరిశోధక విద్యార్థులకు దుర్గమంగా కనిపిస్తాయి. గణితం కఠినం కావడం ఒక్కటే దీనికి కారణం కాదు. ఆ పద్ధతుల వెనుక ఉన్న మూలభావన తెలిసిన అనుభవంతో, తెలిసిన మాటలతో వారికి అందకపోవడం కూడా కారణమే. నిజామాబాద్ పసుపు విపణి, బోధన్ చెరకు ప్రాంతం అనే రెండు ఉదాహరణల ఆధారంగా ఈ వ్యాసం ఆ భావనను వివరిస్తుంది. పసుపు నిల్వకు సంబంధించిన చిన్న నమూనాను చేతితోనే సాధించి చూపుతుంది. నిల్వ సున్నాకు చేరినప్పుడు లెక్క ఎందుకు మారిపోతుందో చర్చిస్తుంది. అక్కడి నుంచి ఎస్. రావు అయ్యగారి 1994లో ప్రతిపాదించిన కుటుంబ పొదుపు నమూనా వరకు దారి చూపుతుంది. ఇందుకు అవసరమైన పరిభాషను, అభ్యాసక్రమాన్ని సూచిస్తుంది.

కీలకపదాలు: స్థూల అర్థశాస్త్రం, గణన పద్ధతులు, నిర్ణయసూత్రం, ఆవృత్తి, నిల్వ నమూనా, నిజామాబాద్ పసుపు, బోధన్ చెరకు, పరిభాష.

1. ఉపోద్ఘాతం

స్థూల ఆర్థిక నమూనా అంటే దేశంలోని ఉత్పత్తి, వినియోగం, పొదుపు, ధరలు, వడ్డీ వంటి రాశులు ఒకదానిపై మరొకటి ఎలా ఆధారపడతాయో తెలిపే సమీకరణాల సముదాయం. భారతీయ రిజర్వు బ్యాంకు ద్రవ్యోల్బణ అంచనాలకు వాడే త్రైమాసిక అంచనా నమూనా ఇందుకు ఒక ఉదాహరణ. ఇటువంటి నమూనాలలో నేటి నిర్ణయం రేపటి అంచనాపై, రేపటి స్థితి నేటి నిర్ణయంపై ఆధారపడి ఉంటాయి. ఈ పరస్పరాధారం వల్ల చాలా నమూనాలకు కాగితం మీద పూర్తి సాధన దొరకదు. గణన పద్ధతులు అవసరమయ్యేది ఇక్కడే.

నేటి పాఠ్యగ్రంథాలు సాధారణంగా ఈ విషయాన్ని మూలధనం, ఉత్పాదకత అనే అమూర్త రాశులతో మొదలుపెడతాయి. ఈ శాస్త్రచరిత్రలో ముఖ్యమైన మలుపులు కొన్ని మాత్రం పంటల ధరల దగ్గర వచ్చాయి. 1938లో మోర్డెకై ఎజికియల్ వ్యవసాయ ధరల ఒడుదొడుకులను వివరించే ‘సాలెగూడు సిద్ధాంతం’పై ప్రసిద్ధమైన వ్యాసం రాశాడు. 1958లో రాబర్ట్ గుస్టాఫ్‌సన్ ధాన్యాన్ని ఏ ఏడాది ఎంత మిగుల్చుకోవాలో సంఖ్యాత్మకంగా లెక్కించే పద్ధతిని అందించాడు. 1961లో జాన్ ముత్ ‘హేతుబద్ధ అంచనాల’ భావనను ప్రతిపాదించినప్పుడు అతని ముందున్న సమస్య కూడా పంటల ధరల కదలికే. రాబర్ట్ లూకాస్ తదితరులు 1970లలో ఆ భావనను స్థూల అర్థశాస్త్రానికి పునాదిగా మార్చారు. అందువల్ల పంటల జిల్లా నుంచి ఈ విద్యను ప్రారంభించడం శాస్త్రం నడిచిన దారినే తిరిగి నడవడం అవుతుంది.

2. రెండు పంటలు, రెండు స్వభావాలు

మంజీర నదిపై 1923-1931 మధ్య నిర్మించిన నిజాంసాగర్ ప్రాజెక్టు నిజామాబాద్ ప్రాంతపు సేద్యాన్ని మార్చివేసింది. కాలువ నీటితో చెరకు విస్తరించింది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలసింది. మరోవైపు ఆర్మూర్, బాల్కొండ ప్రాంతాలలో పసుపు ప్రధానమైన వాణిజ్య పంటగా నిలిచింది. నిజామాబాద్ మార్కెట్ యార్డు దేశంలోని ముఖ్యమైన పసుపు విపణులలో ఒకటి.

గణన దృష్టితో చూస్తే ఈ రెండు పంటల మధ్య ఉన్న ప్రధానభేదం నిల్వకు సంబంధించినది. నరికిన చెరకు ఆగదు. ఆలస్యమయ్యే కొద్దీ దానిలోని చక్కెర తగ్గిపోతుంది కాబట్టి వీలైతే ఒక రోజులోపే గానుగకు చేరాలి. పసుపు అలా కాదు. తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టిన కొమ్ములు గోదాములో ఏళ్ల తరబడి నిలుస్తాయి. చెరకుకు కేంద్ర ప్రభుత్వం ఏటా గిట్టుబాటు ధరను నిర్ణయిస్తుంది. పసుపు కనీస మద్దతు ధరల జాబితాలో లేదు. దాని ధర పంట మీద, నిల్వ మీద, రేపటి ధర గురించిన అంచనా మీద ఆధారపడి కదులుతుంది. 2010లో బాగా పెరిగిన పసుపు ధర 2012 నాటికి తీవ్రంగా పడిపోయింది. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీ చేశారు. వారిలో అత్యధికులు పసుపు బోర్డు కోసం, మద్దతు ధర కోసం బరిలో దిగిన రైతులే. 2023 అక్టోబరులో కేంద్రం జాతీయ పసుపు బోర్డును ప్రకటించింది. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా అది ప్రారంభమైంది.

ధర ఎందుకు అలా కదులుతుందన్న ప్రశ్న ఈ జిల్లాలో పాఠ్యప్రశ్న మాత్రమే కాదని ఈ చరిత్ర చెబుతోంది.

3. జవాబు సంఖ్య కాదు, సూత్రం

బడిలో నేర్చిన సమీకరణానికి జవాబు ఒక సంఖ్య. కాలంతో మారే ఆర్థిక నమూనాకు జవాబు ఒక సూత్రం. విద్యార్థి మొదట గ్రహించవలసిన భేదం ఇదే.

‘గోదాములో ఎంత పసుపు దాచాలి?’ అని అడిగితే ‘ఇన్ని బస్తాలు’ అని ఒకే మాటగా చెప్పలేం. ఈ ఏడాది పంట ఎంత, పాత నిల్వ ఎంత అన్నది తెలిస్తే తప్ప జవాబు రాదు. పంట, పాత నిల్వ కలిపితే వచ్చే మొత్తాన్ని ‘లభ్యత’ అందాం. లభ్యతే ఇక్కడ ‘స్థితి’. ఏ స్థితిలో ఎంత దాచాలో చెప్పేది ‘నిర్ణయసూత్రం’. మనం వెతికేది ఆ సూత్రాన్ని.

ఈ అన్వేషణలో ఒక చిక్కు ఉంది. ఈ ఏడాది ఎంత దాచాలన్నది వచ్చే ఏడాది ధరపై ఆధారపడుతుంది. వచ్చే ఏడాది ధర, అప్పటి వర్తకులు ఎంత దాస్తారన్న దానిపై ఆధారపడుతుంది. వాళ్లు వాడేది కూడా ఇదే సూత్రం. అంటే సూత్రం తెలియాలంటే సూత్రం ముందే తెలిసి ఉండాలి.

సాలెగూడు సిద్ధాంతం ఈ చిక్కును తేలికగా దాటవేసింది. నిరుటి ధరే ఈ ఏడూ ఉంటుందని రైతు అనుకుంటాడని అది భావించింది. ధర పెరిగిన మరుసటి ఏడు అందరూ వేస్తారు, ధర పడుతుంది. పడిన మరుసటి ఏడు అందరూ మానేస్తారు, ధర పెరుగుతుంది. ముత్ దీనిని ప్రశ్నించాడు. ప్రతి ఏడూ ఒకే తప్పు చేస్తూ ఉండేంత అమాయకులుగా రైతులను, వర్తకులను ఎందుకు ఊహించాలి? నమూనాలోని మనుషుల అంచనా, ఆ నమూనా సగటున చూపే ఫలితంతో సరిపోవాలని అతడు నిబంధన పెట్టాడు. ‘హేతుబద్ధ అంచనా’ అంటే సర్వజ్ఞత కాదు. పదేపదే ఒకే వైపు పొరబడకపోవడం మాత్రమే. ఈ నిబంధనను తృప్తిపరిచే సూత్రాన్ని కనుక్కోవడమే గణన పద్ధతుల పని.

4. చేతితో సాధించగల నిల్వ నమూనా

లెక్క కోసం కొన్ని ఊహాత్మక అంకెలు తీసుకుందాం. ఇవి నిజమైన విపణి గణాంకాలు కావు.

పంట మంచి ఏడు 120 బస్తాలు, చెడ్డ ఏడు 80 బస్తాలు. రెండింటికీ అవకాశం సమానం. కిలో ధర, 300 నుంచి ఆ ఏడు అమ్ముడైన బస్తాల సంఖ్యకు రెట్టింపును తీసివేస్తే వచ్చేది. 100 బస్తాలు అమ్మితే ధర 100 రూపాయలు, 120 అమ్మితే 60, 80 అమ్మితే 140. ఏడాదిపాటు దాచడానికి వడ్డీ, గోదాము కిరాయి, తరుగు అన్నీ కలిపి కిలోకు 20 రూపాయల ఖర్చు. దాచేవాళ్లు చాలామంది ఉన్నారు, ఎవరూ ఒంటరిగా ధరను శాసించలేరు. ఒకే వర్తకుడు విపణిని గుప్పిట్లో పెట్టుకున్న చోట ఈ లెక్క వర్తించదు.

దాచేవారి షరతు సులభం. నేటి ధరకు 20 కలిపితే రేపటి సగటు ధర కంటే తక్కువైతే ఇంకా దాస్తారు. అలా దాచేకొద్దీ నేటి ధర పెరుగుతుంది, రేపటి ధర తగ్గుతుంది. రెండూ సమానమైన చోట ఆగుతారు. ఒక్క బస్తా కూడా దాచకముందే నేటి ధర, 20 కలిసి రేపటి సగటును దాటితే అసలు దాచరు.

మొదటి ఆవృత్తి: ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కాబట్టి, వచ్చే ఏడు ఎవరూ ఏమీ దాచరని ఊహిద్దాం. అప్పుడు పై షరతు నుంచి వచ్చే సూత్రం ఇది: లభ్యత 110 దాటితే, దాటినదానిలో సగం దాచాలి. పాత నిల్వ లేని మంచి ఏడు లభ్యత 120. అంటే 5 బస్తాలు దాచాలి. సరిచూద్దాం. నేడు అమ్మేది 115, ధర 70. రేపు పంట బాగుంటే 125 అమ్ముతారు, ధర 50. బాగా లేకపోతే 85 అమ్ముతారు, ధర 130. సగటు 90. డెబ్బైకి ఇరవై కలిపితే తొంబై. లెక్క సరిపోయింది.

రెండో ఆవృత్తి: వచ్చే ఏడు ఎవరూ దాచరన్న ఊహ నిలవదు. ఈ ఏడు దాచినవాళ్లు వచ్చే ఏడు మాత్రం ఎందుకు మానేస్తారు? కాబట్టి వాళ్లు మొదటి ఆవృత్తిలో దొరికిన సూత్రాన్ని పాటిస్తారని తీసుకుందాం. రేపు పంట బాగుంటే కొంత పసుపు మళ్లీ గోదాముకు వెళుతుంది, ధర 50 దాకా పడదు. రేపటి సగటు ధర పెరగడంతో నేడు ఇంకొంచెం దాచడం లాభం. కొత్త సూత్రం ప్రకారం 120 లభ్యత దగ్గర దాచవలసింది 7.14 బస్తాలు. నేటి ధర 74.29, రేపటి ధరలు 62.86 లేదా 125.71, సగటు 94.29. షరతు మళ్లీ సరిపోయింది.

ఇలా ప్రతి ఆవృత్తిలోనూ ముందు దొరికిన సూత్రాన్ని రేపటి సూత్రంగా పెట్టి, నేటి సూత్రాన్ని కనుక్కుంటూ పోతే 120 లభ్యత దగ్గర నిల్వ ఈ విధంగా మారుతుంది: 5, 7.14, 7.92, 8.17, 8.25, 8.27, 8.28. ఆ తరువాత ఎన్నిసార్లు చేసినా 8.28 దగ్గరే ఉంటుంది. సూత్రం స్థిరపడింది: లభ్యత 105.86 దాటితే, దాటినదానిలో 58.6 శాతం దాచాలి. నేడు వాడే సూత్రం, రేపు వాడతారని అనుకున్న సూత్రం ఒకటే అయ్యాయి. మూడో విభాగంలో చెప్పిన చిక్కు విడిపోయింది.

తప్పని తెలిసిన ఊహతో మొదలై, దానినే సరిచేసుకుంటూ, మార్పు ఆగేదాకా సాగడం ఈ పద్ధతి సారాంశం. వేల సమీకరణాలున్న పెద్ద నమూనాల గణనలో కూడా తరచుగా జరిగేది ఇదే.

5. సున్నా దగ్గర విరుపు

ఈ చిన్న నమూనా చెప్పే ఆర్థిక విషయం గమనించదగినది. నిల్వ లేకపోతే ధర 60కీ 140కీ మధ్య ఊగుతుంది. నిల్వ ఉన్నప్పుడు, పాత సరుకు లేని మంచి ఏడు ధర 60కి పడకుండా 76.57 దగ్గర ఆగుతుంది. దాని తరువాత వచ్చే చెడ్డ ఏడు ధర 140కి బదులు 123.43. వరుసగా మంచి పంటలు పండుతూ పోతే నిల్వ 20 బస్తాలకు చేరువవుతుంది. అప్పుడు పంట చెడితే ధర దాదాపు 100 మాత్రమే. అదే చెడ్డ పంట మరో చెడ్డ పంట వెనుక వస్తే గోదాములో ఏమీ ఉండదు, ధర సరిగ్గా 140. పండింది అదే 80 బస్తాలు. ఒక సందర్భంలో ధర 100, మరో సందర్భంలో 140. తేడా అంతా గోదాములో ఏముందన్న దానిలోనే ఉంది.

నిల్వ పెంచడానికి ఈ నమూనాలో పరిమితి లేదు. తగ్గించడానికి మాత్రం సున్నా అనే గోడ ఉంది. రాబోయే పంట నుంచి ఈ ఏటికి బస్తాలు అప్పు తెచ్చుకోలేం. అందుకే నిర్ణయసూత్రాన్ని గీతగా గీస్తే అది 105.86 దాకా నేలను అంటుకొని సాగి, అక్కడ విరిగి పైకి లేస్తుంది. ఈ విరుపును పట్టించుకోకుండా పైకి లేచిన భాగాన్నే వెనక్కి పొడిగిస్తే, లభ్యత 80 ఉన్న ఏడు ‘మైనస్ 15 బస్తాలు దాచాలి’ అనే అర్థం లేని జవాబు వస్తుంది. అటువంటి లెక్క చెడ్డ సంవత్సరాలలో ధర ఎగబాకడాన్ని పూర్తిగా తక్కువచేసి చూపుతుంది.

సరుకుల ధరలు చాలాకాలం మందకొడిగా ఉండి, అప్పుడప్పుడు ఒక్కసారిగా ఎగబాకడానికి ఈ విరుపు ఒక ముఖ్యకారణమని ఆంగస్ డీటన్, గై లరోక్ 1992లో చర్చించారు. నిల్వతో ఎంతవరకు వివరించవచ్చో, ఎక్కడ వివరించలేమో కూడా వారు చూపారు.

6. పసుపు నుంచి దేశానికి: ప్రధాన పద్ధతులు

పసుపు నిల్వ స్థానంలో దేశపు మూలధనాన్ని, పంట ఒడుదొడుకుల స్థానంలో ఉత్పాదకత ఒడుదొడుకులను, దాచే సూత్రం స్థానంలో పొదుపు సూత్రాన్ని పెడితే స్థూల అర్థశాస్త్రపు వృద్ధి నమూనా వస్తుంది. విలియమ్ బ్రాక్, లియొనార్డ్ మిర్మన్ 1972లో అనిశ్చితితో కూడిన వృద్ధి నమూనాను రూపొందించారు. ఫిన్ కిడ్లాండ్, ఎడ్వర్డ్ ప్రెస్కాట్ 1982లో అటువంటి నమూనాతో వ్యాపార చక్రాలను వివరించే ప్రయత్నం చేశారు. వీటిని సాధించే పద్ధతులను మూడు తెగలుగా చూడవచ్చు.

మొదటిది రేఖీయీకరణ. ఆర్థిక వ్యవస్థ తన సగటు స్థితికి దగ్గరలోనే తిరుగుతుందని భావించి, వంపు తిరిగిన సూత్రాన్ని ఆ బిందువు దగ్గర సరళరేఖగా తీసుకోవడం. ఇది వేగవంతమైనది. రాశులు ఎన్ని ఉన్నా పనిచేస్తుంది. డైనేర్ వంటి సాఫ్ట్‌వేర్‌తో విద్యార్థి త్వరగానే నేర్చుకోగలడు. కాని ఐదో విభాగంలో చూసిన విరుపు దీనికి కనిపించదు.

రెండోది విలువ ఆవృత్తి. రిచర్డ్ బెల్‌మన్ 1957 నాటి గ్రంథంలో వివరించిన గతిశీల ప్రణాళికీకరణ దీనికి మూలం. సాధ్యమైన స్థితులన్నిటినీ ఒక పట్టికగా రాసి, ఒక్కొక్క స్థితి విలువను ఆవృత్తుల ద్వారా కనుక్కుంటారు. భవిష్యత్తును వర్తమానం కంటే కొంత తక్కువగా తూచే సామాన్య నమూనాలలో, ఎక్కడ మొదలుపెట్టినా ఇది ఒకే జవాబుకు చేరుతుందన్న గణిత హామీ ఉంది. విరుపును కూడా పట్టుకుంటుంది. దీని లోపం మందగమనం. పట్టికలో ఒక్కో రాశికి 100 గళ్లు పెడితే, రెండు రాశులకు 10,000, మూడింటికి 10,00,000 గళ్లు అవసరం. ఈ విస్ఫోటనాన్ని బెల్‌మన్ పరిమాణాల శాపంగా వర్ణించాడు.

మూడోది సూత్రాన్నో అంచనానో తెలిసిన ఆకారం గల బహుపదితో సమీపించడం. దీనికీ నిల్వ నమూనాతో చుట్టరికం ఉంది. బ్రయన్ రైట్, జెఫ్రీ విలియమ్స్ 1980లలో సరుకు నిల్వపై చేసిన పరిశోధనలో ఒక మెలకువ పాటించారు. దాచే సూత్రంలో విరుపు ఉన్నా, రేపటి సగటు ధర మంచి, చెడు పంటలన్నిటినీ కలిపిన సగటు కాబట్టి అందులో ఆ విరుపు మెత్తబడుతుంది. అందువల్ల సూత్రాన్ని వదిలి అంచనాను బహుపదితో సమీపించారు. 1990లో వౌటర్ డెన్ హాన్, అల్బర్ట్ మార్సెట్ స్థూల అర్థశాస్త్రంలో ఇదే తరహా పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు.

ఏ పద్ధతి మేలన్న ప్రశ్నకు సార్వత్రికమైన సమాధానం లేదు. మనం అడిగే ప్రశ్న విరుపుకు దూరంగా ఉంటే మొదటిది చాలు. విరుపు దగ్గరే ఉంటే మిగిలిన రెండూ కావాలి.

7. బోధన్ ప్రశ్న, అయ్యగారి నమూనా

బోధన్ కర్మాగారంలో మెజారిటీ వాటా 2002లో ప్రైవేటు యాజమాన్యానికి వెళ్లింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటనతో ఉత్పత్తి ఆగిపోయింది. నరికిన చెరకును దాచలేమన్నది ఇక్కడ మళ్లీ ముఖ్యమవుతుంది. గానుగ ఆగిపోతే రైతు చెరకును మరో ఏటికి నిల్వచేయలేడు. దూరంలో ఉన్న మరో మిల్లుకు తోలాలి, లేదా పంట మార్చాలి. కార్మికుడి శ్రమ కూడా నిల్వ ఉండదు. నేడు అమ్ముడుపోని పనిదినం రేపటికి మిగలదు. ఇటువంటి చోట నిల్వచేయగలిగింది కుటుంబపు పొదుపు మాత్రమే.

దీనిని స్థూల నమూనాగా మలచిన వారిలో ముఖ్యుడు ఎస్. రావు అయ్యగారి. అయ్యగారి అన్నది తెలుగువారికి చిరపరిచితమైన ఇంటిపేరు. అమెరికాలోని మినియాపోలిస్ ఫెడరల్ రిజర్వు బ్యాంకులోనూ, తరువాత రోచెస్టర్ విశ్వవిద్యాలయంలోనూ పనిచేసిన ఈ ఆర్థికవేత్త 1997లో మరణించాడు. 1994లో వెలువడిన అతని వ్యాసం, బీమా లేని ఆదాయ ఒడుదొడుకులను ఎదుర్కొనే కోట్లాది కుటుంబాలు కలిసి ఎంత పొదుపు చేస్తాయన్న ప్రశ్నను చర్చించింది.

దాని గణనలో ఒక ఆవృత్తి లోపల మరొక ఆవృత్తి ఉంటుంది. మొదట వడ్డీరేటును ఊహించాలి. ఆ వడ్డీ దగ్గర ఒక కుటుంబపు పొదుపు సూత్రాన్ని లోపలి ఆవృత్తితో కనుక్కోవాలి. ఇది మన పసుపు లెక్క వంటిదే. లభ్యతకు బదులు చేతిలోని డబ్బు, పంటకు బదులు జీతం, సున్నా నిల్వకు బదులు ఇక అప్పు పుట్టని స్థితి. తరువాత, ఆ సూత్రాన్ని పాటించే కుటుంబాలలో ఎంతమంది దగ్గర ఎంత ఉంటుందో చెప్పే పంపిణీని కనుక్కోవాలి. దాని నుంచి మొత్తం పొదుపు తెలుస్తుంది. ఆ మొత్తం సంస్థలు కోరే మూలధనం కంటే ఎక్కువైతే వడ్డీని తగ్గించి, తక్కువైతే పెంచి, మొత్తం లెక్కను మళ్లీ చేయాలి. రెండూ సమానమైనప్పుడు ఆగాలి. కష్టకాలం కోసం ప్రతి కుటుంబం ముందుజాగ్రత్తగా దాచుకోవడం వల్ల, బీమా ఉన్న లోకంలో కంటే ఇక్కడ మొత్తం పొదుపు ఎక్కువగా, వడ్డీ తక్కువగా తేలుతుంది.

అయితే బోధన్ ఉదంతం ఈ నమూనాలో పూర్తిగా ఇమడదు. అయ్యగారి నమూనాలో ఒక కుటుంబపు కష్టకాలం మరొకరి మంచికాలంతో సరితూగుతుంది, మొత్తం మారదు. మిల్లు మూతపడినప్పుడు ఊరంతటికీ ఒకేసారి దెబ్బ తగులుతుంది. అందరినీ కలిపి తాకే ఒడుదొడుకులను పెర్ క్రుసెల్, ఆంథొనీ స్మిత్ 1998లో ఈ తరహా నమూనాలో చేర్చారు. అక్కడ మరో చిక్కు వచ్చింది. సంపద ఎవరి దగ్గర ఎంత ఉందన్న పంపిణీ మొత్తం ‘స్థితి’లో భాగమైంది. అంత పెద్ద స్థితిని ఏ పట్టికా మోయలేదు. పంపిణీ అంతటికీ బదులుగా సగటు సంపదను మాత్రమే గుర్తుపెట్టుకున్నా మొత్తం మూలధనం గురించిన అంచనాలు దాదాపు సరిగ్గా వస్తాయని వారు చూపారు.

ఈ ఫలితాన్ని చదివే తీరు ముఖ్యం. సగటు సరిపోవడానికి కారణం ఏమిటి? సంపదలో అధికభాగం విరుపుకు చాలా దూరంలో ఉన్న సంపన్నుల దగ్గర ఉండడం. వారి పొదుపు సూత్రం దాదాపు సరళరేఖ. విరుపు దగ్గర ఉన్న పేద కుటుంబాల ప్రవర్తన ఎంత భిన్నమైనా, వారి పొదుపు మొత్తంలో చాలా చిన్న భాగం కాబట్టి లెక్కను కదిలించదు. అంటే దేశపు మొత్తం మూలధనాన్ని సరిగ్గా చెప్పే నమూనా, మూతపడిన మిల్లు ముందున్న కుటుంబం గురించి ఏమీ చెప్పకుండానే సరైనదిగా నిలబడగలదు. వినియోగం గురించి, ఉపాధి నష్టపు భారం గురించి అడిగినప్పుడు సగటు చాలదు. ప్రశ్నకు తగిన నమూనా, నమూనాకు తగిన గణన పద్ధతి ఎంచుకోవాలన్న నియమం ఇక్కడ నైతిక ప్రాధాన్యం కూడా సంతరించుకుంటుంది.

8. పరిభాష: కొన్ని సూచనలు

ఈ విద్యను తెలుగులో చెప్పడానికి మాటలు లేవన్న అభిప్రాయం సరికాదు. మాటలున్నాయి, వాటి మధ్య హద్దులు స్పష్టం చేయవలసి ఉంది.

‘సరళీకరణ’ అన్న పదం 1991 తరువాత ఆర్థిక విధానాల సందర్భంలో స్థిరపడిపోయింది. సూత్రాన్ని సరళరేఖగా మార్చే గణిత ప్రక్రియకు అదే పదం వాడితే అర్థశాస్త్ర విద్యార్థి తికమకపడతాడు. అందుకే ఈ వ్యాసంలో ‘రేఖీయీకరణ’ వాడటం జరిగింది.

‘అంచనా’ అన్న ఒకే మాటను మనం మూడు అర్థాలలో వాడుతున్నాం: మనిషి మనసులోని ఎదురుచూపు, సంభావ్యతతో తూచిన సగటు, గణాంకాల నుంచి రాబట్టిన విలువ. మొదటిదానికి ‘అంచనా’, రెండోదానికి ‘ప్రత్యాశిత విలువ’, మూడోదానికి ‘ఆగణన’ అని వేరుచేస్తే ముత్ చెప్పిన విషయం ఒక్క వాక్యంలో ఇముడుతుంది: మనుషుల అంచనా, నమూనా ఇచ్చే ప్రత్యాశిత విలువ ఒకటి కావాలి.

‘పునరుక్తి’ అలంకారశాస్త్రంలో దోషం. చెప్పిందే మళ్లీ చెప్పడం వల్ల అర్థం పెరగదు. గణనలోని ‘ఆవృత్తి’ అటువంటిది కాదు. ప్రతిసారీ అదే ప్రక్రియ జరిగినా ముందరి ఫలితం తోడవుతుంది. అందువల్ల ‘పునరుక్తి’ని వదిలి ‘ఆవృత్తి’ని గ్రహించడం ఉచితం. అది మారకుండా నిలిచిన చోటు ‘స్థిరబిందువు’, అక్కడికి చేరడం ‘అభిసరణం’. సూత్రపు గీత విరిగే చోటుకు ‘విరుపు’ అన్న వాడుకమాటే చాలు.

9. అభ్యాసక్రమం

కళాశాలలో ఈ విషయాన్ని బోధించదలచినవారు కింది క్రమాన్ని పాటించవచ్చు.

మొదట నాలుగో విభాగంలోని లెక్కను రెండు ఆవృత్తుల వరకు విద్యార్థులు కాగితంపై చేయాలి. ప్రతి ఆవృత్తిలోనూ ‘నేటి ధరకు 20 కలిపితే రేపటి సగటు అవుతుందా?’ అని సరిచూడాలి. తరువాత దానినే స్ప్రెడ్‌షీట్‌లో చేయాలి. నిల్వ ఖర్చును 20 నుంచి మార్చి, విరుపు ఎటు జరుగుతుందో ముందే ఊహించి, ఆపైన ఫలితంతో పోల్చాలి.

మూడో దశలో పైథాన్ వంటి ఉచిత భాషలో ప్రోగ్రాం రాయాలి. ప్రోగ్రాం ఏదో ఒక సంఖ్య ఇచ్చినంత మాత్రాన అది సరైనది కాదు. కాబట్టి జవాబు ముందే తెలిసిన నమూనాతో పరీక్షించాలి. బ్రాక్-మిర్మన్ నమూనాలో వినియోగపు తృప్తి సంవర్గమాన రూపంలో ఉండి, మూలధనం ఒక్క ఏడాదిలో పూర్తిగా అరిగిపోతుందని తీసుకుంటే, పొదుపు రేటు కచ్చితంగా తెలుస్తుంది. ఉత్పత్తిలో మూలధనపు వాటా 0.30, భవిష్యత్తును తూచే గుణకం 0.95 అయితే పొదుపు వాటి లబ్ధం, అంటే ఉత్పత్తిలో 0.285 వంతు. విద్యార్థి రాసిన ప్రోగ్రాం ఈ విలువకు చేరకపోతే తప్పు ప్రోగ్రాంలోనే ఉంది.

నాలుగో దశలో రేఖీయీకరణ, విలువ ఆవృత్తి రెండింటితోనూ ఒకే నమూనాను సాధించి, అవి ఎక్కడ ఏకీభవిస్తాయో, ఎక్కడ విడిపోతాయో రాయాలి. ఆ తరువాతే అయ్యగారి నమూనాలోకి వెళ్లాలి. ప్రతి దశలోనూ తాను చేసిన పనిని అంకెలు లేకుండా ఒక పేజీ తెలుగులో వివరించగలగడం మంచి పరీక్ష. అర్థశాస్త్ర శాఖ, తెలుగు శాఖ కలిసి పనిచేయవలసిన సందర్భం ఇది.

10. ముగింపు

పై చర్చ నుంచి తేలిన అంశాలు ఇవి.

1. కాలంతో మారే స్థూల ఆర్థిక నమూనాకు సాధన ఒక సంఖ్య కాదు, ఒక నిర్ణయసూత్రం. నేటి సూత్రం, రేపు పాటిస్తారని భావించిన సూత్రం ఒకటయ్యే వరకు చేసే ఆవృత్తే గణన పద్ధతుల ప్రాణం.

2. ఈ భావనకు చారిత్రకంగా పంటల ధరలతో, నిల్వతో సన్నిహిత సంబంధం ఉంది. నిజామాబాద్ పసుపు ఉదాహరణ కేవలం బోధనా సౌలభ్యం కోసం తెచ్చిపెట్టినది కాదు.

3. నిల్వ గాని, పొదుపు గాని సున్నాకు చేరిన చోట సూత్రం విరుగుతుంది. సగటు చుట్టూ తిరిగే సరళరేఖల లెక్కకు ఆ చోటు కనిపించదు. రెండు చెడ్డ పంటలు వరుసగా చూసిన విపణి, మిల్లు మూతపడిన ఊరు ఉండేది సరిగ్గా ఆ చోటే.

4. సరిహద్దులు స్పష్టం చేసుకుంటే ఉన్న తెలుగు పదాలతోనే ఈ విద్యను బోధించవచ్చు.

పంటల మద్దతు ధర, బోర్డులు, కర్మాగారాల పునరుద్ధరణ వంటి విషయాలపై రేపటి నిర్ణయాలకు ఏదో ఒక నమూనా ఆధారంగా నిలుస్తుంది. ఆ నమూనా సున్నా దగ్గర ఏం చేస్తుందని అడగగలిగిన పరిశోధకులు ఆ పంటలు పండే జిల్లాల నుంచే రావడం అవసరం. ఆ ప్రశ్నను తెలుగులో నేర్చుకోగలిగినప్పుడు వారి సంఖ్య పెరుగుతుంది.